లోతు పళ్ల టైర్లు

జహంగీర్ ముందు మనిషిని చూడడు, బండిని చూస్తాడు. జల్‌పల్లి రోడ్డు పక్కన అతని దుకాణమంటే నాలుగు రేకులు, ఆ రేకుల కింద గుట్టలు పోసిన టైర్లు, అంతే. తోమాసు తన పికప్పు తెచ్చి ముందర ఆపగానే అతను చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టైరు మీద అరచెయ్యి పెట్టి రాశాడు. గుండు చేయించిన తలలా నున్నగా ఉంది.

"దీంతోటి వానల తిరుగుతున్నవా అన్నా? అల్లా మీద భారమేసినవా, మీ ఏసు మీదనా?"

"రోడ్డుకు ఇవి సాలు. నాకు బురదకు గావాలె."

"ఎంత బురద?"

తోమాసు మోకాలికి కొంచెం కింద చెయ్యి అడ్డం పెట్టి చూపించాడు. "నల్లరేగడి."

జహంగీర్ ఈల వేశాడు. బండిని మళ్లీ చూశాడు. జీపు ముక్కు, వెనక చెక్కల తొట్టి, మీద అక్కడక్కడా అతుకులు వేసిన తాటిపత్రి. ముందు అద్దం ఫ్రేముతో సహా బానెట్ మీదికి మడిచే పాతకాలపు రకం. ఆ బండిలో తోమాసు కందుకూరు వైపు తోటల నుంచి టమాటలు, వంకాయలు మార్కెట్టుకు తోలతాడు. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఏడాదిగా లేదు.

జహంగీర్ గుట్టలోంచి ఒక టైరు దొర్లించుకొచ్చాడు. "ఆరు పదారు. నీ బండి పుట్టినప్పటి సైజు. పళ్లున్నయి, మట్టిల పట్టుకుంటది. రోడ్డు మీద గూడ లొల్లి చెయ్యది. దీనికి ఇదే తగుతది."

తోమాసు పళ్ల మధ్య గాడిలో చూపుడువేలు దించాడు. గోరు మునిగి, మొదటి కణుపు దగ్గర ఆగింది. అతని చూపు రేకుల చివరన గోడకు ఆనించి ఉన్న నాలుగు టైర్ల మీద పడింది. వాటి పక్కన నిలబెట్టిన ఆయిలు డబ్బా చిన్నదిగా కనిపిస్తోంది.

"అవేంది?"

"ఏడు పదారు. మిలిటరీ వేలంల దొరికినయి. రోడ్డెక్కనే లేదు, సూడు."

నిజమే. కొత్త టైరు మీద సన్నగా వెంట్రుకల్లా నిలబడే రబ్బరు పోగులు ఇంకా అట్లాగే ఉన్నాయి. తోమాసు వంగి వేలు దించాడు. రెండో కణుపు దాకా దిగింది.

"ఇవి" అన్నాడు.

"నై అన్నా. నా సరుకు నేనే వద్దంటున్న, ఇను. టైరు పెద్దదైతె మడ్‌గార్డుకు తాకుతది. అది కోసుకోవచ్చు. లోపలి ఇరుసు సంగతేంది? గుండు టైరు బురదల పడితె జారుతది, ఉత్తగ తిరుగుతది. అది జారవట్టే ఇరుసు బతుకుతది. గిది జారది. ఇంజను గుంజుతది, మట్టి ఇడ్వది, నడుమ ముసలి ఇరుసు. ముసలోనికి గింత బూటు తొడిగితె మోకాలిరుగుతదా లేదా?"

"ఒక్కపారి పోయొస్తె సాలు నాకు."

"ఏం మోస్తవ్?"

"రాయి."

"ఇల్లు కడుతున్నవా?"

"నా భార్య సమాధి మీదికి."

జహంగీర్ చేతులకంటిన నల్లటి మసిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఆరు పదారు తీస్కపో అన్నా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మెల్లగ పోతది. దిగబడితె నలుగురు నూకుతరు."

"నన్నెవడు నూకద్దు" అన్నాడు తోమాసు. "అవి ఎయ్యి."

జహంగీర్ జాకీ తెచ్చుకున్నాడు.

మర్నాడు పాల్మాకులలో, తన ఇంటి ముందు, తోమాసు ఉలీ సుత్తీ పట్టుకుని మడ్‌గార్డు అంచు కోస్తున్నాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రేకుకు రాసుకుని గీక్కుపోతోంది. ఎక్కడ రాసుకుంటుందో అక్కడ సున్నంతో గీత పెట్టుకున్నాడు. గీత వెంబడి ఉలి పెట్టి కొడుతున్నాడు. రేకు వంకర్లు తిరుగుతూ తెగి పడుతోంది. కోసిన చోట బండి పన్ను ఊడిన నోరులా అయింది.

జంగయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చర్చిలో చందాలు ఎత్తేది, పెళ్లికైనా చావుకైనా ముందు నడిచేది అతనే. వీధిలో తోమాసు ఇంకా మాట్లాడేది అతనొక్కడితోనే. అది కూడా జంగయ్యే వస్తాడు కాబట్టి.

"అన్నా, ఒక మాట జెప్త, కోపం జెయ్యకు. పండుగకు నాలుగు దినాలున్నది. సమాధుల పండుగకు ఎట్లైన అందరం బొందలగడ్డకు పోవుడే గద. ఆ రాయికి రెండు కట్టెలు గడితె పదిమందిమి భుజమేసి పట్కపోతం. బండెందుకు?"

సుత్తి ఆగలేదు.

"ఇంటున్నవా?"

"పోయినేడు పట్కపోయిండ్రు గద భుజం మీద" అన్నాడు తోమాసు. "సాలు."

జంగయ్య తల దించుకున్నాడు. తోమాసు భార్య దీనమ్మను మోసిన ఆ రోజు శవపెట్టె ముందు కొమ్ము అతని భుజం మీదే ఉంది. వానకు బొందలగడ్డ బాట ఊబి అయింది. ఈ బండే, ఈ గుండు టైర్లతోనే, బాట మొదట్లోనే దిగబడిపోయింది. పక్కనే పెంటయ్య చేను ఉంది. దాని గట్టు మీదుగా పోతే కాలికి తడి అంటకుండా బొందలగడ్డ చేరొచ్చు. పెంటయ్య గేటుకు తాళం వేసి ముందర నిలబడ్డాడు. ఒకసారి శవం పోయిన చోటు బాట అవుతుందని, రేపు ప్లాట్లు చేసి అమ్ముకునేటప్పుడు శవాల బాట ఎవడు కొంటాడని అడిగాడు. గొడవ పెట్టుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. పెట్టెను బురదలో మోశారు. సగం దారిలో జంగయ్య కాలు జారింది. మూత మేకు ఊడింది. దీనమ్మ ముఖం మీది తెల్ల గుడ్డ మీద నల్ల బురద పడింది. తోమాసు తన అంగీ విప్పి దాంతో తుడిచాడు. తుడిచినకొద్దీ పరుచుకుంది.

"అమ్మకు బాగుంటలేదు" అన్నాడు జంగయ్య లేస్తూ. "దవాఖానకు తోల్కపోత అంటె వద్దంటున్నది."

తోమాసు ఉలి మార్చి పెట్టాడు. "పండుగైనంక సూద్దాం" అన్నాడు. దేని గురించి అన్నాడో అతనికే తెలియదు.

వాన రెండు రోజులు తెరిపిచ్చింది. ఇంక ఆలస్యం చెయ్యొద్దని, పండుగ ముందు రోజు తోమాసు రాయి చెక్కే వడ్డెర వాళ్ల దగ్గరికి బయల్దేరాడు. ఎత్తు పెరిగిన బండి వీధిలో పోతుంటే కొత్త టైర్లు గట్టి నేల మీద బుర్రుమని మోగాయి. కోళ్లు పక్కకు పరిగెత్తాయి.

జంగయ్య ఇంటి ముందు మంచం మీద అతని తల్లి ఈరమ్మ కూర్చుని ఉంది. బక్కగా, నోట్లో పళ్లు లేకుండా, దుప్పటి కప్పుకుని ఉంది. ఏ ఇంట్లో ఆడమనిషి పోయినా ఆఖరి స్నానం పోసేది ఆమె. దీనమ్మకు పోసింది ఆమే.

"తోమా! ఆపురా!"

ఎవరికీ ఆపని తోమాసు ఆపాడు.

"శబ్దమినంగనే అనుకున్న, ఊర్లకు ఏనుగొచ్చిందని. గీ కాళ్లేందిరా బండికి?"

"బురదకు, చిన్నమ్మా."

"దీనమ్మ సూస్తె నవ్వుతుండె. నీ బండినే ఎక్కకపోతుండె ఆమె, గాభరైతదని." ఈరమ్మ నవ్వింది. నవ్వు దగ్గుగా మారి, చాలాసేపటికి ఆగింది. "మంచిగున్నయి బిడ్డా. నన్ను గూడ గిండ్లనే ఏస్కపో. ఆ బురదల నలుగురి మీద ఊగుకుంట పోవుడు నాతోని గాదు. కింద పడేస్తరు దొంగ నా కొడుకులు."

"నువ్వింక పదేండ్లుంటవ్ తియ్యి."

"ఏస్కపోతవా లేదా, అది జెప్పు."

"ఏస్కపోత" అన్నాడు. గేరు వేశాడు.

రాయి నల్లటి పలక, మంచమంత ఉంది. మీద శిలువ, కింద దీనమ్మ పేరు, దాని కింద ప్రభువునందు నిద్రించెను అని. వడ్డెర మల్లేశ్వర్ ఒక్కో అక్షరంలో నూనె గుడ్డతో తుడిచి చూపించాడు. తొట్టిలో వరిగడ్డి పరిచారు. గడ్డపారలతో జరుపుతూ, దుంగల మీద దొర్లిస్తూ పలకను ఎక్కించారు. ఎక్కించగానే బండి వెనక భాగం కుంగింది. ఖాళీ బండికి రాసుకోని వెనక టైరు ఇప్పుడు తొట్టి అడుగుకు తాకింది. టైర్లు వేసినప్పుడు తోమాసు ఉత్త బండితోనే తిప్పి చూసుకున్నాడు. బరువు వేసి చూసుకోవాలని తోచలేదు. పళ్లు అరిగితే అవే సర్దుకుంటాయని అనుకున్నాడు.

మల్లేశ్వర్ వెంట వస్తామన్నాడు. "దించేతందుకు మనుషులు గావాలె గదనే?"

"పొద్దుగాల రాండ్రి, అక్కడికే. బండి అక్కడనే ఉంచుత."

బొందలగడ్డ బాట దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కుడి పక్క పెంటయ్య ముళ్లకంచె, దాని ఇవతల నీళ్లు నిలిచిన కందకం. ఎడమ పక్క నిండిన కుంట. మొదట్లో రెండు బండ్లు పట్టే బాట పోనుపోను సన్నబడి, మధ్యలో ఒక్క బండికే సరిపోతుంది. తోమాసు తక్కువ గేరు వేసి బురదలోకి దింపాడు.

పట్టుకుంది. నిరుడు దిగబడిన చోటును టైర్లు నమిలి వెనక్కి ఉమ్మేశాయి. బండి ఊగింది, మూలిగింది, ఆగలేదు. స్టీరింగు చేతుల్లో బరువుగా, బతికున్నదానిలా తిరిగింది. కంచె అవతల పెంటయ్య మోటరు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. తోమాసు అతని వైపు చూడలేదు. కానీ అతను చూస్తున్నాడని కంటికొసన చూసుకున్నాడు. "సూస్తున్నవా" అన్నాడు. పెంటయ్యను కాదు, వెనక ఉన్న పలకను.

సన్నటి చోటికి వచ్చాడు. ముందు చక్రాలు ఒక గుంటలో దిగి పైకి ఎక్కబోతున్నాయి. ఆక్సిలేటరు మీద కాలు గట్టిగా అదిమాడు. కింద ఎక్కడో బరువైన కట్టె విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఇంజను ఒక్కసారిగా తేలికై కేక పెట్టింది. బండి కదల్లేదు.

దిగి చూశాడు. వెనక కుడి చక్రం పక్కకు వాలి, కన్ను మూసుకున్నట్టు బురదలోకి వంగి ఉంది. బురదలో పడుకుని కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. ఇరుసు విరిగి, విరిగిన మొన లోపల ఇరుక్కుంది. గడ్డపారతో ఎత్తి చూశాడు. టైర్ల కింద గడ్డి తోశాడు, తాటిపత్రి ముక్క తోశాడు. కదిలించిన కొద్దీ అది ఇంకా కిందికి దిగింది. చేతుల నిండా, మీసాల నిండా బురద.

అప్పుడు చర్చి గంట మోగింది. ఆదివారం గంట కాదు. ఒకటి కొట్టి, ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, ఇంకొకటి. ఎవరో పోయారు. ఎవరో అని అనుకోవడం అతను తనకు తాను చెప్పుకున్న అబద్ధమే.

సమాధుల పండుగ పొద్దున ఊరంతా ఒకేసారి వచ్చింది. బంతిపూల తట్టలు, మైనపు ఒత్తులు, సున్నం బకెట్లు. వాటి ముందు ఈరమ్మ పెట్టె. పండుగ నాడు మట్టి చేరినోళ్లకు పరలోకానికి ఎదురుచూపు ఉండదని ఎవరో ముసలామె అంటోంది. ఆమె మాట సగంలో ఆగిపోయింది. బాట మధ్యలో పికప్పు అడ్డంగా కాకపోయినా, అడ్డంగా ఉన్నట్టే ఉంది. అటు కంచెకు ఇటు కుంటకు మనిషి పట్టేంత సందు కూడా లేదు.

తెల్లవారుజామునే ఎడ్ల జత కట్టి లాగారు. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. ట్రాక్టరున్నది పెంటయ్య ఒక్కడికే. అది కందుకూరు పోయిందని అతని జీతగాడు చెప్పాడు.

జంగయ్య పెట్టె ముందు కొమ్ము భుజం మీద పెట్టుకుని నిలబడ్డాడు. బండిని చూశాడు, తోమాసును చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. అనేవాళ్లు వేరే ఉన్నారు.

"ఒక్కడే ఏస్కపోతడట రాయి! మనం ముట్టొద్దట!"

"ఇగ పెట్టెను కుంటల ఈత గొట్టిద్దామా?"

తోమాసు వాళ్ల మధ్యలోంచి నడిచి గేటు దగ్గరికి పోయాడు. ఏడాదిలో ఆ గేటు వైపు ముఖం తిప్పని మనిషి. పెంటయ్య లోపల పళ్లపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు.

"పటేలా. గేటు తియ్యి." గేటు కమ్మి పట్టుకున్నాడు. "నా కోసం గాదు. ముసలామె కోసం."

పెంటయ్య పుల్ల నోట్లోంచి తీసి ఉమ్మేశాడు. "నేను తాళమేసింది నా గేటుకు తోమాసూ. నువ్వేసింది అందరి బాటకు. నన్నడుగుతవేందిరా?"

ఏడాది పాటు రాత్రుళ్లు ఒక్కొక్కటిగా పదును పెట్టుకున్న మాటలు తోమాసు దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు. పెంటయ్య మీద కోపం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఆ మాట తప్పు అనడానికి అతని దగ్గర ఏమీ లేదు.

వెనక్కి వచ్చాడు. బండి ఎక్కి తాటిపత్రి తాళ్లు కోసి దాన్ని కుంటలోకి విసిరాడు. దాన్ని మోసిన ఇనుప కమ్మీలు ఊడదీశాడు. ముందు అద్దం నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. పానా పట్టలేదు. సుత్తితో కొట్టాడు. అద్దం పగిలింది. ఫ్రేమును బానెట్ మీదికి మడిచి చేత్తో అదిమాడు. చెయ్యి తెగింది. ఇప్పుడు వెనక తొట్టి నుంచి ముందు ముక్కు దాకా బండి మొత్తం బల్లపరుపుగా ఉంది.

"ఇట్ల తీస్కపోండ్రి" అన్నాడు. ఎవరి వంకా చూడకుండా.

జంగయ్య పెట్టె కొమ్మును తొట్టి వైపు తిప్పాడు. "ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

పెట్టెను తొట్టి తలుపు మీద ఆనించి తోశారు. చెక్క రాయి మీద గరగరమని జరిగింది. సగం దూరం వచ్చాక జంగయ్య చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. ముందటికి మనుషులు పోవాలె."

నలుగురు బండి మీదుగా ఎక్కి అవతలికి దిగేదాకా పెట్టె అక్కడే ఉంది. దీనమ్మ పలక మీద, శిలువ మీద, పేరు మీద. ఒక చేత్తో పెట్టెను, ఇంకో చేత్తో బండి చెక్కను పట్టుకుని తోమాసు తొట్టిలో నిలబడ్డాడు. తెగిన చెయ్యి రక్తం పెట్టె అంచుకు అంటింది. కుంటలో కప్పలు అరుస్తున్నాయి.

జంగయ్య మెల్లగా అన్నాడు. "అమ్మ అడిగింది గదన్నా నిన్ను. ఎక్కింది."

అతను ఓదార్చాడో, పొడిచాడో తోమాసుకు అర్థం కాలేదు. పెట్టెను సీటు మీదుగా, మడిచిన అద్దం మీదుగా, బానెట్ మీదుగా జరిపారు. అవతలి చేతులు అందుకున్నాయి. ఎవరి కాలూ జారలేదు.

తర్వాత ఆడవాళ్లు. ఒక్కొక్కరినీ తోమాసు చెయ్యి పట్టి పైకి లాగాడు. పూల తట్టతో ఎక్కిన సక్కుబాయి పలక ముందు ఆగిపోయింది. "పేరున్నది గదా బావా. ఎట్ల తొక్కాలె?"

"తొక్కుండ్రి" అన్నాడు. "పోండ్రి."

బురద కాళ్లన్నీ పలక మీదుగా పోయాయి. చివరికి మల్లేశ్వర్ మనుషులు కూడా గుంత పూడ్చేందుకు సాయం కావాలంటే అటే పోయారు. పలక మీద శిలువ కనబడట్లేదు. అక్షరాలు నిండిపోయాయి. తోమాసు జేబులో మల్లేశ్వర్ ఇచ్చిన నూనె గుడ్డ ఉంది. బయటికి తీశాడు. నిరుడు అంగీతో తుడిచింది గుర్తొచ్చింది. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అవతలి నుంచి పాట మొదలైంది. తోమాసు అటు పోలేదు. కిందికి దిగి వెనక చక్రం దగ్గర, జహంగీర్ కూర్చున్నట్టే, గొంతుక్కూర్చున్నాడు. టైరు పక్కల మీద కొత్త రబ్బరు పోగులు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకటి కూడా అరగలేదు. పళ్ల మీద చూపుడువేలు పెట్టి గాడి కోసం వెతికాడు. రేగడి మట్టి పళ్ల మధ్య అంచుల దాకా కూరుకుపోయి, పొద్దుటి ఎండకు గట్టిపడింది. టైరు నున్నగా ఉంది. వేలు ఎక్కడా దిగలేదు.